రెండో దారి కూడా మునిగితే? హైదరాబాద్ రోడ్లు తేరుకునే లెక్క

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు హైదరాబాద్‌లో అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ దెబ్బతిని తెగిపోయాయి. నిలిచింది ఒక్క పురానాపూల్. కుతుబ్‌షాహీల కాలంలో, 1578లో కట్టిన వంతెన అది. వేల మంది ప్రాణాలు పోయిన ఆ విపత్తులో వంతెనల సంగతి చిన్నదిగా అనిపించవచ్చు. కానీ నీరు తీశాక మందులు, తిండిగింజలు, మనుషులు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు చేరాలంటే ఆ పాత వంతెనే దిక్కయింది. నాలుగింటిలో మూడు పోయినా నగరం పూర్తిగా రెండు ముక్కలు కాలేదంటే కారణం ఆ నాలుగోది.

నూట పదిహేడేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరు చివరి వారంలో, నగరానికి ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ మళ్లీ ఒడ్డు దాటింది. మూసారాంబాగ్ వంతెన, చాదర్‌ఘాట్ దగ్గరి లోలెవల్ వంతెన మూసేశారు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. ప్రయాణికులు రాత్రివేళ అక్కడే చిక్కుకుపోయారు. ఇప్పుడు నగరంలో మూసీ మీద వంతెనలు 1908 నాటికంటే చాలా ఎక్కువ. అయినా ఒకటి రెండు మూసేసరికి అటు మలక్‌పేట నుంచి ఇటు అంబర్‌పేట దాకా వాహనాలు కదలవు. వంతెనల సంఖ్య పెరిగింది, వాటి మీద పడే భారం అంతకు మించి పెరిగింది. ఒకటి మూస్తే దాని బరువు ఎత్తుకోవడానికి పక్కదానిలో చోటు లేదు.

నగర రోడ్ల గురించి మాట్లాడినప్పుడల్లా వేగం గురించే మాట్లాడుతుంటాం. ఫలానా ఫ్లైఓవర్ వస్తే ఇరవై నిమిషాలు కలిసివస్తాయని, ఫలానా జంక్షన్‌లో సిగ్నల్ తీసేస్తే బండి ఆగదని చెబుతారు. ఇదంతా మామూలు రోజు లెక్క. వాన పడిన రోజు, వంతెన మూసిన రోజు, లారీ అడ్డంగా పడిన రోజు ఆ రోడ్లు ఏ మేరకు పనిచేస్తాయి, ఎంతసేపట్లో తేరుకుంటాయి అన్నది వేరే లెక్క. రవాణా రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని రెండు కొలతలుగా చూస్తారు. దెబ్బ తగిలినప్పుడు రాకపోకలు ఎంత పడిపోయాయన్నది మొదటిది. పాత స్థాయికి రావడానికి ఎంతసేపు పట్టిందన్నది రెండోది. రాకపోకలు సగానికి పడిపోయి గంటలో కోలుకుంటే ఒక నష్టం. పావు వంతే పడిపోయి పది రోజులు అలాగే ఉంటే అంతకు ఎన్నో రెట్ల నష్టం. ఈ రెండో కొలత మన దగ్గర దాదాపుగా చర్చకే రాదు.

దెబ్బ చిన్నదే అయినా జామ్ అంత పెద్దది ఎందుకవుతుందో ముందు చూడాలి. మూడు వరసల రోడ్డు మీద ఒక వరసలో బండి ఆగిపోయిందనుకుందాం. మూడో వంతు రోడ్డు పోయింది కాబట్టి మూడింట రెండు వంతుల వాహనాలు వెళ్తాయని ఎవరైనా అనుకుంటారు. అమెరికాలో ఇంజినీర్లు వాడే హైవే కెపాసిటీ మాన్యువల్ లెక్క ప్రకారం వెళ్లేవి దాదాపు సగమే. పక్క వరసలోకి జరగడానికి వాహనాలు వేగం తగ్గిస్తాయి, ఏమైందో చూడటానికి ఇంకొంచెం తగ్గిస్తాయి. అక్కడ ప్రతి వరసకూ గీత ఉంటుంది, దాన్ని పాటిస్తారు. ఆటో, బైకు, బస్సు, కారు ఒకే ఖాళీ కోసం పోటీపడే మన రోడ్ల మీద నష్టం అంతకంటే తక్కువ ఉంటుందని అనుకోవడానికి కారణం కనిపించదు.

ఆగిపోయిన వాహనాల వరస వెనక్కి పెరుగుతూ పోయి ఒక జంక్షన్‌ను తాకినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. మూసారాంబాగ్ వంతెన మూస్తే వాహనాలను గోల్నాక వైపు మళ్లిస్తారు. ఆ వరస వెనక్కి పెరిగి అంబర్‌పేట దారుల్లో కూడలిని మూసేసిందంటే, మూసీ దాటాల్సిన అవసరమే లేనివాళ్లు కూడా అందులో ఇరుక్కుంటారు. వాళ్ల వరస ఇంకో కూడలిని మూస్తుంది. నది మీద ఒక వంతెనకు వచ్చిన కష్టం నదికి మూడు కిలోమీటర్ల అవతలి కాలనీకి చేరేది ఇలాగే. అందుకే దెబ్బ తగిలిన చోట కంటే దానికి వెనక ఉన్న రెండు మూడు కూడళ్లను ఖాళీగా ఉంచడం ముఖ్యం. వంతెన దగ్గర బారికేడ్ పెట్టి ఇద్దరు కానిస్టేబుళ్లను నిలబెడితే అప్పటికే అక్కడిదాకా వచ్చేసిన బండి వెనక్కి తిరగాలి, దానికి చోటుండదు. మళ్లింపు బోర్డు ఉండాల్సింది ఇంకో దారి పట్టడానికి వీలున్న చివరి కూడలిలో.

హైదరాబాద్‌కు పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఒకటుంది. ఈ నగరాన్ని అడ్డంగా, నిలువుగా కోసేవి చాలా ఉన్నాయి. మూసీ ఒకటి. రైలు పట్టాలు ఒకటి. హుస్సేన్‌సాగర్, దుర్గం చెరువు లాంటి జలాశయాలు, కొండరాళ్ల గుట్టలు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ భూములు సరేసరి. వీటిని దాటడానికి ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచిన రోజు పట్టాలకు ఇటువైపు వాళ్లు అటు వెళ్లాలంటే ఎంత చుట్టు తిరగాలో ఆ ప్రాంతం వాళ్లకు బాగా తెలుసు. రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా అది చేరేది ఆ ఒక్క ఇరుకు దగ్గరికే అయితే ఆ వెడల్పు వల్ల వానరోజు ఒరిగేదేమీ లేదు.

2020 సెప్టెంబరులో రాకపోకలు మొదలైన దుర్గం చెరువు తీగల వంతెన చుట్టూ రంగురంగుల దీపాల గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. దాని అసలు విలువ వేరే. చెరువు అడ్డం ఉన్నంత కాలం జూబ్లీహిల్స్ నుంచి ఐటీ కారిడార్‌కు వెళ్లేవాళ్లకు మాదాపూర్ ప్రధాన రహదారి లాంటి రెండు మూడు దారులే ఉండేవి. ఇప్పుడు వాటిలో ఒకటి ఆగినా ఇంకొకటి ఉంది. అడ్డాన్ని దాటే చోట ఒక కొత్త దారి వేస్తే వచ్చే లాభం, ఉన్న దారినే రెండు వరసలు పెంచితే రాదు.

అంత ఖర్చు లేకుండా ఇలాంటి మేలే చేసేవి లింక్ రోడ్లు. రెండు కాలనీల మధ్య గోడ ఉంటుంది. మ్యాప్‌లో చూస్తే పక్కపక్కనే ఉంటాయి, బండి మీద వెళ్లాలంటే మెయిన్ రోడ్డెక్కి రెండు కిలోమీటర్లు తిరిగి రావాలి. ఆ గోడ దగ్గర అర కిలోమీటరు రోడ్డు వేస్తే మెయిన్ రోడ్డు మూతపడినప్పుడు లోపలి నుంచి కదలడానికి ఒక సందు దొరుకుతుంది. నగరంలో గత కొన్నేళ్లుగా ఇలాంటి లింక్ రోడ్లు వేస్తూ వచ్చారు. ఇది ఎంత మంచి పనో దానికి దక్కిన గుర్తింపు అంత తక్కువ. ప్రారంభోత్సవానికి పెద్ద వంతెన కావాలి, లింక్ రోడ్డుకు రిబ్బన్ కట్ చేసినా వార్త పెద్దగా రాదు. పైగా ప్రాజెక్టు నివేదికల్లో లాభం లెక్కగట్టేది మామూలు రోజుకే. మామూలు రోజు ఆ చిన్న రోడ్డు వల్ల రెండు నిమిషాలే కలిసొస్తాయి కాబట్టి జాబితాలో అడుక్కి వెళ్తుంది. చెడ్డ రోజును కూడా లెక్కలో వేస్తే అది పైకి రావాలి.

ఆ లెక్క కట్టడం ఇప్పుడు కష్టమేమీ కాదు. నగరం రోడ్ల మ్యాప్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుని ఒక్కో వంతెనను, ఒక్కో అండర్‌పాస్‌ను తీసేసి చూడాలి. తీసినప్పుడు మిగతా ప్రయాణాలు ఎంత పొడవవుతాయి, ఏ కాలనీ పూర్తిగా తెగిపోతుంది, ఏ ఆసుపత్రికి దారి ఉండదు అని చూస్తే ఏది కీలకమో బయటపడుతుంది. కొన్నిసార్లు మహా రద్దీగా ఉండే రోడ్డు తీసేసినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే దాని పక్కనే ఇంకో నాలుగు ఉంటాయి. ఎవరూ పట్టించుకోని చిన్న చప్టా తీసేస్తే పది కాలనీలు ద్వీపమైపోతాయి. నిర్వహణ డబ్బు మొదట వెళ్లాల్సింది ఆ చప్టాకే.

అయితే మ్యాప్‌లో రెండు దారులు కనిపించినంత మాత్రాన రెండున్నట్టు కాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో తెలుగు నేల మీద జరిగింది దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ. హైదరాబాద్, విజయవాడల మధ్య ప్రధాన రహదారి ఉంది, కాజీపేట మీదుగా ప్రధాన రైలు మార్గం ఉంది. ఒకటి లేకపోతే ఇంకొకటి అనుకుంటాం. ఆ రోజు వరదకు జాతీయ రహదారి 65 మీద రాకపోకలు ఆగాయి. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైళ్లు కొన్ని రోజులు ఆగిపోయాయి. రోడ్డూ రైలూ వేర్వేరు శాఖలవి, వేర్వేరు ఇంజినీర్లు కట్టినవి. కానీ రెండూ ఒకే మేఘం కింద ఉన్నాయి. మున్నేరు, ఆకేరు, పాలేరు లాంటి వాగులు ఆ ప్రాంతమంతా అల్లుకుని ఉంటాయి. వాటిని దాటక ఆ రెండింటికీ తప్పదు.

అంతకు ముందు ఏడాది, 2023 జులైలోనూ నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీళ్లు అదే రహదారి మీదికి వచ్చాయి. అప్పుడు ఆదుకున్నది నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా వెళ్లే దారి. దూరం ఎక్కువే. కానీ అది మున్నేరుకు అందని దారి. రెండో దారి అంటే అలా ఉండాలి. మొదటిదాన్ని ముంచే నీరు దాన్ని ముంచకూడదు. మూసీ మీద ఒకే ఎత్తులో పక్కపక్కన మూడు లోలెవల్ వంతెనలుంటే వరద రోజుకు అవి మూడు కాదు, ఒకటే. వాటికి బదులు ఎత్తయినది ఒక్కటున్నా మేలు. మూసారాంబాగ్‌లో పాత లోలెవల్ వంతెన స్థానంలో హైలెవల్ వంతెన కట్టాలనుకోవడం అందుకే సరైన నిర్ణయం.

రోడ్డు తెగడానికి కారణం చాలాసార్లు రోడ్డు దగ్గర ఉండదు. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి, శంషాబాద్ వైపు వెళ్లే జాతీయ రహదారి 44ను కోసేసింది. అక్కడ ప్రాణాలు కూడా పోయాయి. బెంగళూరు వైపు, విమానాశ్రయం వైపు వెళ్లాల్సినవాళ్లను ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మళ్లించారు. 158 కిలోమీటర్ల ఆ రింగ్ రోడ్డు లేకపోయి ఉంటే ఆ వారం ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. కానీ ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. రహదారి ఎంత గట్టిగా వేసినా పైనున్న చెరువు కట్ట, దాని అలుగు, నీరు దిగే నాలా సరిగా లేకపోతే ఆ గట్టితనం నిలవదు. చెరువు కట్ట బాగుచేయడం ఒక శాఖ పని, రోడ్డు వేయడం ఇంకో శాఖ పని. కట్ట తెగితే పోయేది రోడ్డని తెలిసినా, రోడ్డు బడ్జెట్‌లోంచి కట్టకు రూపాయి ఖర్చుపెట్టే పద్ధతి లేదు. నాలా వెడల్పు చేయడం రవాణా ప్రాజెక్టే అని ఒప్పుకోనంత కాలం ఈ పరిస్థితి మారదు.

ఫ్లైఓవర్ల విషయంలో తొందరపడి తీర్పు చెప్పలేం. నీళ్లు నిలిచే కూడలి మీదుగా పోయే ఫ్లైఓవర్ వానరోజు నిజంగా ఆదుకుంటుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ బుడమేరు నీటిలో మునిగినప్పుడు అక్కడి ఫ్లైఓవరే జనానికి ఒడ్డు అయింది. సహాయ పడవలు దాని దగ్గరి నుంచే కదిలాయి. కానీ మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పొడవైన దాని మీద, 11 కిలోమీటర్లకు పైగా ఉన్న దారిలో, రెండు కార్లు ఢీకొంటే వెనకున్నవాళ్లు ఎటూ పోలేరు. దిగే దారులు తక్కువ, ఆగే చోటు లేదు, క్రేన్ రావాలన్నా అదే వరసలోంచి రావాలి. ఎత్తున కట్టే ప్రతి రోడ్డుకూ దిగే దారులు, దగ్గర్లో సిద్ధంగా ఉన్న క్రేన్ కూడా ప్లానులో భాగమై ఉండాలి.

కొత్త రోడ్డు వేస్తే ఎప్పుడూ మేలే జరుగుతుందన్న నమ్మకాన్ని కూడా ఒకసారి ప్రశ్నించుకోవాలి. 1968లో జర్మన్ గణితవేత్త డీట్రిష్ బ్రాస్ ఒక వింత సంగతి రుజువు చేశాడు. ఎవరికి వాళ్లు తమకు దగ్గరి దారి చూసుకునే చోట, ఒక కొత్త రోడ్డు కలిపితే అందరి ప్రయాణమూ ఇంకా ఆలస్యమయ్యే సందర్భాలున్నాయి. ఆ కొత్త దారి ఆశ చూపి, అప్పటిదాకా విడివిడిగా పోతున్న వాహనాలను ఒకే ఇరుకులోకి లాగుతుంది. ఫోన్‌లో మ్యాప్ చూసి అందరూ ఒకే సందులోకి తిరిగినప్పుడు జరిగేది కూడా ఇలాంటిదే.

రోడ్ల వైపు ఎంత చేసినా, వాటి మీదికి ఒకేసారి వచ్చే జనాన్ని తగ్గించకుండా పని కాదు. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు ప్రాంతాల వారీగా లాగౌట్ సమయాలు సూచించారు. మధ్యాహ్నం 3 గంటల నుంచి ఒక్కో ప్రాంతం వాళ్లు విడతలుగా బయటికి రావాలన్నారు. సిమెంటు, ఇనుము అక్కర్లేని ఈ ఉపాయం ఒక ఫ్లైఓవర్ చేసేంత పని చేయగలదు. కాకపోతే అది వాన వచ్చాక ఇచ్చే సలహాగా ఉండిపోతోంది. వాన హెచ్చరిక ఒక స్థాయి దాటిందంటే ఏ కంపెనీ ఎప్పుడు కదలాలో ముందే ఒప్పుకుని రాసిపెట్టుకుంటే క్యాబ్ డ్రైవర్ల దగ్గర్నుంచి ఇంట్లో పిల్లల కోసం టెన్షన్ పడే తల్లుల దాకా అందరికీ తెలుస్తుంది.

నగరాలు అనుకున్నదానికంటే బాగా సర్దుకుంటాయని చెప్పే అనుభవాలు ఉన్నాయి. 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీద ఐ-35డబ్ల్యూ వంతెన రద్దీ వేళ కూలింది. 13 మంది చనిపోయారు. రోజుకు 1,40,000 వాహనాలు పోయే వంతెన అది. తర్వాతి రోజుల్లో అక్కడి రవాణా శాఖ కొత్తగా ఏమీ కట్టకుండానే చాలా చేసింది. పక్కనున్న హైవే 280 మీద కూడళ్లు మూసి దాన్ని ఆగకుండా సాగే రహదారిగా మార్చింది. ఐ-94 అనే ఇంకో హైవే మీద గీతలు తిరిగి గీసి ఇంకో వరస సృష్టించింది. జనం కొందరు వేళ మార్చుకున్నారు, కొందరు దారి మార్చుకున్నారు. కొత్త వంతెన 2008 సెప్టెంబరు 18న తెరుచుకునేదాకా నగరం అలా నడిచింది. ఆ మార్పులకు వీలైంది ఎందుకంటే పక్క రోడ్లలో కాస్త ఖాళీ ఉంది. ఖాళీగా కనిపించే ప్రతి గజం రోడ్డునూ పార్కింగ్‌కో దుకాణానికో ఇచ్చేస్తే కష్టకాలంలో గీయడానికి చోటుండదు.

మన దగ్గర ఆ ఖాళీని ఇవ్వగలిగేవి బస్సు, మెట్రో. 2019 అక్టోబరు 5 నుంచి యాభై రోజులకు పైగా ఆర్టీసీ సమ్మె జరిగినప్పుడు హైదరాబాద్ మెట్రో అదనపు ట్రిప్పులు నడిపి కొంత భారం మోసింది. వానరోజు కూడా జనం మెట్రో మెట్లే ఎక్కుతారు. కానీ స్టేషన్ దిగాక మోకాలి లోతు నీళ్లుంటే, ఇంటిదాకా ఆటో దొరక్కపోతే ఆ మేలు సగమే. జామ్‌లో ఒక వరసను బస్సులకూ అంబులెన్సులకూ వదిలిపెట్టడం ఎక్కువ మందిని కదిలించే పని. కారులో ఒక్కరే కూర్చున్నవాళ్లకు అది అన్యాయంగా అనిపించినా సరే, చేయదగిన పని.

ఇక బాగుచేసే వేగం. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపానికి లాస్ ఏంజెలిస్‌లో శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలాయి. కాంట్రాక్టులో 140 రోజుల గడువిచ్చి, ఒక్కో రోజు ముందు పూర్తిచేస్తే 2 లక్షల డాలర్ల బోనస్, ఆలస్యమైతే దాదాపు అంతే జరిమానా అని రాశారు. పని 66 రోజుల్లో అయిపోయింది. కాంట్రాక్టరుకు కోటీ 48 లక్షల డాలర్ల బోనస్ వచ్చింది. అంత ఇవ్వాలా అంటే, రోడ్డు మూసి ఉన్న ప్రతి రోజూ నగరం పోగొట్టుకునేది ఎంతో ముందే లెక్కగట్టారు కాబట్టే ఇచ్చారు. మన దగ్గర తెగిన కల్వర్టుకు టెండరు, మళ్లీ టెండరు, నిధుల విడుదల అంటూ తర్వాతి వానాకాలం వస్తుంది. రోడ్డు మూసిన ఒక రోజు ఖరీదెంతో అంకె వేసి చూపిస్తే, ఆ ఫైలు టేబుల్ మీద అన్ని వారాలు ఉండదు.

మూసీ వరదకు ఒక వెసులుబాటు కూడా ఉంది. నగరం మీదే కుండపోత పడితే తేరుకునే వ్యవధి ఉండదు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తితే మాత్రం ఆ నీరు చాదర్‌ఘాట్ చేరడానికి సమయం పడుతుంది. 2025 సెప్టెంబరులో బస్‌స్టేషన్ మూసేశాక ఆర్టీసీ బస్సులను నాలుగు దిక్కులకు పంచింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వెళ్లేవి సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి, వరంగల్ వైపు వెళ్లేవి ఉప్పల్ నుంచి, నల్లగొండ, విజయవాడ వైపు వెళ్లేవి ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు, బెంగళూరు వైపు వెళ్లేవి ఆరాంఘర్ నుంచి నడిచాయి. అప్పటికప్పుడు చేసినా అది మంచి ఏర్పాటు. నది మధ్యలో ఉన్న ఒకే స్టేషన్ మీద ఆధారపడకుండా నగరం నాలుగు అంచుల నుంచి జనాన్ని పంపవచ్చని తేలింది. ఇప్పుడు ఆ నాలుగు చోట్లా నిలబడటానికి నీడ, మరుగుదొడ్లు, ఏ బస్సు ఎక్కడో చెప్పే బోర్డులు శాశ్వతంగా ఏర్పాటు చేయాలి. గేట్లు ఎత్తుతున్నామన్న సమాచారం నగర నీటి సరఫరా సంస్థ జలమండలి నుంచి వచ్చిన క్షణాన, ప్రయాణికుల ఫోన్లకు ఆ సంగతి వెళ్లాలి. అప్పుడు నీరు చాదర్‌ఘాట్ చేరేలోపే బస్‌స్టేషన్ ఖాళీ అవుతుంది.